పీపా నింపిందెవరు? 'పౌడర్ కెగ్' అనే మాట చరిత్ర

ఇంగ్లీషులో 'పౌడర్ కెగ్' అనే మాట ఒకటుంది. తుపాకిమందు నింపిన చెక్కపీపా అని దాని అసలు అర్థం. ఒక దేశమో, ఊరో, పేటో ఏ క్షణాన్నయినా భగ్గుమనేట్టుంది అని చెప్పడానికి పత్రికలవాళ్ళు, ప్రొఫెసర్లు, పోలీసు అధికారులు దీన్ని వాడతారు. తెలుగులో ఇదే పనిని 'నివురుగప్పిన నిప్పు', 'ఉద్రిక్తత', 'సమస్యాత్మక గ్రామం', 'కల్లోలిత ప్రాంతం' అనే మాటలు చేస్తున్నాయి. చూడ్డానికి ఇవి ఎవరి పక్షమూ వహించని మాటలు. కానీ మాటలకు కూడా కులం ఉంటుంది. వాడలో నిలబడి చూస్తే అది కనిపిస్తుంది. మా కులాల్లోంచి మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మేము ఈ మాట చరిత్రను ఆ చోటునుంచే చదవదలిచాం.

ముందు పీపా సంగతి. తుపాకిమందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు. ఇందులో ఎక్కువ పాలు సురేకారానిదే. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటన్ మందుకు కావలసిన సురేకారం ప్రధానంగా బీహారు నుంచి పోయింది. అక్కడ నోనియా కులస్థులు పాత గోడల అడుగునుంచి, పశువుల పాకల నుంచి మట్టి గీకి, నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, కాచి దాన్ని తీసేవాళ్ళు. 1758లో ఈస్టిండియా కంపెనీ ఆ సరుకు మీద గుత్తాధిపత్యం సంపాదించింది. మట్టి గీకినవాళ్ళు ఒకరు, పీపాకు యజమాని ఇంకొకరు. పీపా తనంతట తాను నిండదు. ఎవరో తమ అవసరం కోసం నింపుతారు, తమ అవసరం కోసం దాస్తారు. కానీ ఈ మాట రాజకీయాల్లోకి వచ్చేసరికి నింపినవాళ్ళు మాయమయ్యారు. పీపా, నిప్పురవ్వ, ఈ రెండే మిగిలాయి.

ఈ మాటకు పెద్ద ప్రచారం బాల్కన్ దేశాల వల్ల వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి వాటిని 'యూరప్ తుపాకిమందు పీపా' అనేవాళ్ళు. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరగడంతో ఆ పేరు చరిత్ర పుస్తకాల్లో స్థిరపడిపోయింది. మరి 1878 బెర్లిన్ కాంగ్రెస్‌లో బోస్నియాను ఆస్ట్రియా-హంగేరీ చేతిలో పెట్టిందెవరు? అగ్రరాజ్యాలే. 1908లో దాన్ని ఏకంగా తనలో కలిపేసుకున్నదెవరు? ఆస్ట్రియా-హంగేరీయే. సామ్రాజ్యాలు చేసిన పంపకం, అక్కడి చిన్న జాతుల 'ఉడుకు స్వభావం'గా లెక్కలోకెక్కింది.

అమెరికాలో నల్లజాతి పేటలకూ ఇదే జరిగింది. 1967 వేసవిలో న్యూఆర్క్‌లో 26 మంది, డెట్రాయిట్‌లో 43 మంది చనిపోయారు. ప్రెసిడెంట్ జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ 1968లో రిపోర్టు ఇచ్చింది. దీని వెనక ఎవరిదో కుట్ర ఉందన్న అనుమానాన్ని కమిషన్ ఒప్పుకోలేదు. ఘెట్టోను పుట్టించినవీ, నిలబెడుతున్నవీ తెల్ల సమాజపు సంస్థలేనని తేల్చింది. సర్కారు కమిషనే నింపినవాళ్ళ పేరు చెప్పడం అరుదు. చెప్పినందుకు దాని సిఫార్సుల్ని చాలావరకు పక్కన పడేశారు.

ఇక మన దగ్గర. ఇక్కడ ఈ మాట పత్రికలకే పరిమితం కాలేదు, చట్టంలోకి కూడా ఎక్కింది. 1978లో కరీంనగర్ జిల్లా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో కూలీలు, పేదరైతులు వెట్టి చెయ్యమన్నారు. కూలి పెంచమన్నారు. దొరలు ఆక్రమించిన బంజర్లు వదలమన్నారు. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం ఆ రెండు తాలూకాల్ని 'కల్లోలిత ప్రాంతాలు'గా ప్రకటించింది. దీనికి ఆధారం 1948 నాటి చట్టం. ప్రకటన వెలువడితే చాలు, సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారికి కూడా హెచ్చరించి కాల్పులు జరిపే అధికారం వస్తుంది. తరతరాలుగా వెట్టి నడిచినన్నాళ్ళూ ఆ తాలూకాలు కల్లోలితం కాలేదు. వెట్టి వద్దన్న ఏడాదే అయ్యాయి. దొరకు నిద్రపట్టకపోతే కల్లోలం, కూలివాడికి కూడు లేకపోతే ప్రశాంతం. 'శాంతిభద్రతలు' అనే మాటకు ఇంతకన్నా వేరే నిఘంటువు అక్కర్లేదు.

కోస్తాలో ఈ పీపా మా వాళ్ళ మీదే పేలింది. 1985 జులై 17న కారంచేడులో అగ్రకుల భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. తాగేనీళ్ళు పాడుచెయ్యొద్దని మాదిగలు అడగడం దాని ముందు జరిగిన గొడవ. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కట్టి కాలవల్లో పడేశారు. దాని ముందు జరిగింది సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవ. ఆ తరవాత సాంఘిక బహిష్కరణ నడిచింది. పోలీసులు ఊళ్ళోనే ఉన్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు నిందితులందర్నీ నిర్దోషులని వదిలేసింది.

నీళ్ళ గొడవ, సినిమాహాలు గొడవ అని చెప్పుకోవడం సులువు. అది నిప్పురవ్వ కథ. పీపా కథ వేరే. కాలవనీళ్ళతో, వాణిజ్యపంటలతో, వాటివల్ల వచ్చిన రాజకీయ అధికారంతో బలిసిన భూస్వామ్య కులాలు ఒకవైపు ఉన్నాయి. చదువుకుని, ఉద్యోగాలు తెచ్చుకుని, వంగి నడవడం మానేసిన దళిత యువతరం ఇంకోవైపు ఉంది. ఊళ్ళో మార్పు వచ్చింది ఈ తలెత్తుకోవడంలో. మందు కూరింది మాత్రం దాన్ని సహించలేని ఆధిపత్యం.

ప్రమాదానికి వేరే రకంగా పేరు పెట్టొచ్చని మన చట్టమే ఒకటి చూపిస్తోంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 17వ సెక్షన్ చదవండి. ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళు ఒకచోట నేరానికి దిగబోతున్నారనో, బెదిరించారనో నమ్మడానికి కారణం ఉంటే, విచారించి, ఆ ప్రాంతాన్ని అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతంగా ప్రకటించొచ్చు. 1995 నాటి నిబంధనల ప్రకారం అలాంటిచోట అవసరమైతే ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ ఆయుధాల లైసెన్సులు రద్దు చెయ్యాలి, ఆ ఆయుధాల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. అంటే ఈ చట్టం పీపాను వాడలో వెతకలేదు. తుపాకి ఎవరింట్లో ఉందో అక్కడ వెతకమంది. 1948 చట్టం తిరగబడినవాణ్ణి చూసి ప్రాంతానికి పేరు పెట్టింది. 1989 చట్టం దాడి చేసేవాణ్ణి చూసి పెట్టింది. తేడా అంతా ఇక్కడే ఉంది. రెండోదాన్ని వాడమని అధికారుల్ని నిలదియ్యడం మన పని.

అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగసభలో మాట్లాడుతూ ఒక పేలుడు గురించే హెచ్చరించాడు. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే, అసమానతకు గురైనవాళ్ళు ఈ రాజకీయ ప్రజాస్వామ్య నిర్మాణాన్నే పేల్చేస్తారన్నాడు. పేలుడు మాట ఆయనా వాడాడు. కానీ తప్పును అణగారినవాళ్ళ స్వభావంలో పెట్టలేదు, వైరుధ్యాన్ని కొనసాగించేవాళ్ళ మీద పెట్టాడు. దాన్ని తొలగించే గడువు కూడా వాళ్ళకే గుర్తుచేశాడు.

అందుకే ఏదైనా ఊరు 'ఉద్రిక్తంగా ఉంది' అని చదివినప్పుడు, టీచర్లయినా, విద్యార్థులయినా, కార్యకర్తలయినా అక్కడితో ఆగొద్దు. భూమి ఎవరిది? నీళ్ళు ఎవరి అదుపులో ఉన్నాయి? ఎవరికి పనులు ఆపేశారు? లైసెన్సు తుపాకులు ఎవరి దగ్గరున్నాయి? పోలీసు పికెట్ ఎవరి వాకిట్లో దిగింది? ఇవి అడిగి, రాసి పెట్టాలి. దాడి జరిగాక వచ్చే నిజనిర్ధారణ కమిటీల కంటే, దాడికి ముందు వాడవాళ్ళే రాసిపెట్టుకున్న కాగితం విలువైనది. నింపినవాళ్ళ పేర్లు అందులోనే ఉంటాయి.