వడ్డీకి హద్దు, చెల్లింపుకు అదను: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత ఋణచరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

అప్పులపాలు కావడానికి మితిమీరిన ఖర్చే కారణమన్న అభిప్రాయం పరిపాలనా పత్రాల్లోనూ లోకవ్యవహారంలోనూ చాలాకాలంగా స్థిరపడి ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు ఋణచరిత్ర ఈ అభిప్రాయాన్ని పాక్షికంగానే సమర్థిస్తుంది. వడ్డీకి చట్టపరమైన హద్దు, రాబడికి అనువైన చెల్లింపు గడువు అనే రెండు షరతులు ఉన్నప్పుడు అప్పు ఆసరా అయింది. అవి లోపించినప్పుడు ఉరి అయింది. తక్కావి నుంచి క్రెడిట్ కార్డు వరకు ఈ రెండు షరతుల పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఋణభారం, వడ్డీ, తక్కావి, చేనేత, కిసాన్ క్రెడిట్ కార్డు, క్రెడిట్ కార్డు, ఋణవిమోచన చట్టాలు.

1. ఉపోద్ఘాతం

హిందూపురానికి సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయం గురించి ప్రచారంలో ఉన్న ఐతిహ్యం ప్రసిద్ధమైనది. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ రాజానుమతి లేకుండా ఖజానా ధనాన్ని ఆలయ నిర్మాణానికి వెచ్చించాడనీ, ఆ నేరానికి తన కన్నులను తానే పెరికి గోడకు విసిరాడనీ జనశ్రుతి. ఇది చరిత్ర కాకపోవచ్చు. అయినా ఖర్చు చేసినవాడే దోషి, శిక్ష అతనిదే అన్న లోకన్యాయం ఇందులో స్పష్టం. ఋణగ్రస్తుని విషయంలోనూ లోకం ఇదే న్యాయాన్ని వర్తింపజేసింది. అప్పిచ్చిన షరతులను విచారించే ప్రశ్న ఆలస్యంగా వచ్చింది.

ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మూడు పట్టణాలు మూడు ఆర్థిక జీవనరీతులకు ప్రతీకలు. హిందూపురం బెల్లం, పట్టుగూళ్ల వ్యాపారానికి పేరుపొందింది. ధర్మవరం పట్టుచీరల నేతకు కేంద్రం. విజయనగర రాజుల రాజధానిగా వెలిగిన పెనుకొండ నేడు మోటారు వాహన పరిశ్రమకు నెలవు. అదను తప్పే వర్షం, ధర నిలకడలేని పట్టు, నెల జీతం అనే మూడు రాబడులను ఈ ప్రాంతంలో ఒకేచోట పరిశీలించవచ్చు.

2. తక్కావి – వడ్డీ వ్యాపారి

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేసి రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. భూమి శిస్తు నగదులో, నిర్ణీత కిస్తులలో చెల్లించాలి. వర్షం మాత్రం కిస్తుల ప్రకారం రాదు. సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లకు మించని ఈ నేలలో పంటకూ కిస్తుకూ మధ్య ఏర్పడిన ఎడమును పూడ్చినవాడు షావుకారు. విత్తనాలకు, ఎద్దులకు, బావులకు ప్రభుత్వం ఇచ్చే తక్కావి ఋణాలు అవసరంలో కొద్దిభాగాన్నే తీర్చాయి. 1883, 1884 చట్టాలు తక్కావికి క్రమరూపం ఇచ్చినా పరిస్థితిలో మౌలికమైన మార్పు రాలేదు.

ఈ నేపథ్యంలో వడ్డీపై ఉన్న హద్దు తొలగిపోవడం గమనార్హం. వడ్డీ మొత్తం అసలును మించరాదన్న నియమం మనుస్మృతి వంటి ధర్మశాస్త్రాల్లో ఉంది. దీనినే ‘దాందుపత్’ అంటారు. బొంబాయి ప్రెసిడెన్సీలో న్యాయస్థానాలు దీనిని పాటించాయి గాని మద్రాసు ప్రెసిడెన్సీలో ఇది సాధారణంగా అమలు కాలేదు. 1855లో వడ్డీ పరిమితి చట్టాలు రద్దయ్యాయి. శిస్తుకు గడువు బిగిసింది, వడ్డీకి హద్దు సడలింది. 1876–78 నాటి మహాక్షామం ఈ స్థితిలోనే రాయలసీమను కబళించింది.

రైతు పెళ్లిళ్లకు, పండుగలకు దుబారా చేసి అప్పులపాలవుతున్నాడన్న వాదం ఆ కాలపు అధికారులలో ప్రబలంగా ఉండేది. అయితే 1875లో పూణే, అహ్మద్‌నగర్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారులపై రైతులు తిరగబడినప్పుడు విచారణ జరిపిన దక్కన్ అల్లర్ల కమిషన్, పెళ్లిఖర్చుకు అనుచితమైన ప్రాధాన్యం ఇస్తున్నారని అభిప్రాయపడింది. ప్రభుత్వ విచారణ సంఘమే దుబారా వాదాన్ని ప్రశ్నించిన సందర్భంగా దీనిని పేర్కొనవచ్చు.

3. 1938 చట్టం: హద్దు పునరాగమనం

ఫ్రెడరిక్ నికల్సన్ 1895లో మద్రాసు ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక జర్మనీలోని రైఫైజెన్ తరహా గ్రామ పరపతి సంఘాలను సూచించింది. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. సహకార పరపతి విస్తరణ మందకొడిగానే సాగింది. 1951–52 నాటి అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేలో కూడా రైతుల అప్పుల్లో సహకార సంఘాల వాటా సుమారు 3 శాతమే.

ఆర్థికమాంద్యంలో పంటధరలు పడిపోగా, రాజాజీ మంత్రివర్గం 1938లో మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టాన్ని తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అసలుకు రెట్టింపు చెల్లించి ఉంటే ఆ అప్పు పూర్తిగా తీరినట్లే. కొత్త అప్పులపై వడ్డీ రూపాయికి నెలకు ఒక ‘పై’కి, అనగా పాతలెక్కలో ఏడాదికి 6.25 శాతం బారువడ్డీకి పరిమితమైంది. ఈ విధంగా దాందుపత్ సూత్రం శాసనరూపంలో ఈ ప్రాంతానికి చేరింది.

ఈ చట్టానికి రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, వ్యవసాయదారుని నిర్వచనం భూమిపై హక్కును ఆధారం చేసుకుంది. భూమిలేని ధర్మవరం నేతగాడు దాని పరిధిలోకి రాడు. రెండవది, వడ్డీ తగ్గడంతో వ్యాపారులు అప్పులివ్వడానికి వెనుకాడారన్న విమర్శ నాడే వచ్చింది. ప్రత్యామ్నాయ పరపతి లేకుండా వడ్డీని మాత్రమే నియంత్రించడం చాలదన్న పాఠం ఇందులో ఉంది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ ఋణవిమోచన చట్టం చిన్నరైతులతో పాటు కూలీలను, గ్రామీణ చేతివృత్తులవారిని కూడా చేర్చి మొదటి లోపాన్ని కొంత సవరించింది.

4. ధర్మవరం మగ్గం: అడ్వాన్సు బంధం

నేతగాని అప్పు స్వభావం రైతు అప్పుకు భిన్నమైనది. మాస్టర్ వీవర్ లేదా మగ్గాల యజమాని అడ్వాన్సు ఇస్తాడు, పట్టు, జరీ సమకూరుస్తాడు. చీర దిగిన తరువాత మజూరీలో కోత పెడతాడు. అడ్వాన్సు తీరేదాకా నేతగాడు వేరొకరి మగ్గానికి మారలేడు. ఈ అప్పుపై వడ్డీ కాగితం మీద కనిపించదు. తగ్గిన మజూరీ రూపంలో, కోల్పోయిన స్వేచ్ఛ రూపంలో అది వసూలవుతుంది.

సొంత మగ్గం ఉన్నవారి సమస్య మరొకటి. పట్టుగూళ్ల ధర పెరిగితే హిందూపురం మార్కెట్లో పట్టురైతుకు ఊరట, ధర్మవరంలో నేతగానికి భారం. మరమగ్గాల మీద చౌకగా తయారైన అనుకరణలు చీర ధరను పెరగనివ్వవు. ముడిసరుకు అరువు, ఇంటిఖర్చుకు వారవడ్డీ కలిసి అప్పు పెరుగుతుంది. చేనేతకు రకాలను ప్రత్యేకించే చట్టం 1985లోనే వచ్చినా అమలులో లోపాలున్నాయి. ధర్మవరంలో అప్పులబాధతో నేతకార్మికుల ఆత్మహత్యలు గత రెండు దశాబ్దాల్లో పదేపదే వార్తలకెక్కాయి. 2019 డిసెంబరు 21న నేతన్న నేస్తం పథకం ధర్మవరంలోనే ప్రారంభమైంది. ఏటా 24,000 రూపాయల ఆ సాయం సొంత మగ్గం ఉన్న కుటుంబాలకు ఉద్దేశించినది. ఇతరుల మగ్గంపై నేసే కూలి నేతగాడు మరోసారి నిర్వచనం వెలుపలే మిగిలాడు.

5. ఒకే పేరు, రెండు కార్డులు

‘క్రెడిట్ కార్డు’ అన్న పేరు ఈ ప్రాంత గ్రామాల్లో ప్రధానంగా కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా పరిచయమైంది. ఆర్.వి. గుప్తా కమిటీ సూచనపై 1998లో వచ్చిన ఈ కార్డు పంటకాలాన్ని గడువుగా స్వీకరించింది. 3 లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంటఋణంపై వడ్డీ 7 శాతం, సకాలంలో చెల్లించినవారికి రాయితీతో 4 శాతం. హద్దు, అదను రెండూ కుదిరిన ఋణరూపం ఇది. కౌలురైతుకు మాత్రం ఇది సులభంగా అందలేదు. 2011, 2019 సంవత్సరాల సాగుదారుల చట్టాలు ఆ లోటు తీర్చడానికి చేసిన ప్రయత్నాలు.

వినియోగపు క్రెడిట్ కార్డు తర్కం దీనికి విరుద్ధం. దేశంలో దీనిని తొలినాళ్లలో ప్రవేశపెట్టిన బ్యాంకుల్లో భోగరాజు పట్టాభిసీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఒకటి (1981). దీని గడువు నెలవారీది. బిల్లు మొత్తం గడువులో చెల్లిస్తే వడ్డీ లేదు. కొంత మిగిల్చినా సాధారణంగా నెలకు 3 నుంచి 3.75 శాతం వరకు వడ్డీ పడుతుంది. ఊరి లెక్కలో చెప్పాలంటే ఇది నూటికి మూడు రూపాయలకు పైబడిన వడ్డీ. నూటికి రెండు రూపాయలు తీసుకునే షావుకారును లోకం నిందిస్తుంది, కార్డు వడ్డీని చాలామంది లెక్కించనైనా లెక్కించరు. 50,000 రూపాయల బాకీపై నెలకు 3.5 శాతం చొప్పున 1,750 రూపాయల వడ్డీ అవుతుంది. కనీస చెల్లింపుగా 5 శాతం, అనగా 2,500 రూపాయలు కడితే అసలులో తగ్గేది 750 మాత్రమే. వడ్డీపై పన్ను కలిస్తే అది ఇంకా తగ్గుతుంది. కనీస చెల్లింపుతోనే సరిపెడితే బాకీ ఏళ్లతరబడి సాగుతుందన్న హెచ్చరికను బిల్లుపై ముద్రించాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించడం ఇందుకే.

పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కర్మాగారంలో 2019లో ఉత్పత్తి ప్రారంభమైంది. దానితో పాటు అనుబంధ పరిశ్రమలు, నెల జీతాలు వచ్చాయి. అప్పిచ్చేవారి దృష్టిలో జీతపు చీటీ ఒక హామీ. సౌభాగ్యం పరపతిని పెంచుతుందనీ, పెరిగిన పరపతి అప్పును పెంచుతుందనీ మాల్కం డార్లింగ్ 1925లో పంజాబు రైతుల అధ్యయనంలో నిరూపించాడు. నాటి పంజాబులో భూమి విలువ నిర్వహించిన పాత్రను నేడు జీతం నిర్వహిస్తుంది. శాశ్వత ఉద్యోగికి కార్డు సౌకర్యమే కావచ్చు. ఒప్పందం ముగిస్తే రాబడి ఆగే కార్మికునికి, చీర అమ్ముడైనప్పుడే డబ్బు చూసే నేతగానికి నెలవారీ గడువు పాత శిస్తు కిస్తు వంటిదే.

6. హద్దు లేని ఋణం

1984లో బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో చేరిన 21ఏ సెక్షను ప్రకారం, వడ్డీ అధికమన్న కారణంతో బ్యాంకు ఋణాన్ని న్యాయస్థానాలు తిరగదోడరాదు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించరాదని తీర్పు ఇవ్వగా, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. మరోవైపు 2010లో సూక్ష్మఋణ సంస్థల వేధింపులు బయటపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన చట్టం, వడ్డీ అసలును మించరాదన్న నియమాన్ని మళ్లీ పలికింది. వారపు వసూళ్ల స్థానంలో నెలవారీ వాయిదాలను నిర్దేశించింది. హద్దును, అదనును కలిపి ఆలోచించిన శాసనం అది. ఆ తరువాత వసూళ్లు కుప్పకూలి సూక్ష్మఋణం ఎండిపోవడం 1938 నాటి విమర్శను గుర్తుచేస్తుంది. ఋణ యాప్‌లపై 2022లో రిజర్వు బ్యాంకు విధించిన నిబంధనలు అప్పు షరతుల వెల్లడికి ప్రాధాన్యమిచ్చాయి. అసలును మించని వడ్డీ అన్న పాత హద్దును అవి విధించలేదు.

7. ముగింపు

వ్యక్తిగత మితవ్యయం అవసరం కాదని ఈ చరిత్ర చెప్పదు. బాకీ మొత్తాన్ని గడువులో తీర్చగలిగినంత మేరకే కార్డు వాడడం, అధిక వడ్డీ అప్పును ముందు తీర్చడం, ఒక అప్పు తీర్చడానికి మరొకటి చేయకపోవడం ఏ కాలానికైనా వివేకమే. అయితే రెండు శతాబ్దాలుగా ఈ ప్రాంతంలో అప్పుల ఊబికి దుబారా కంటే బలమైన కారణాలుగా కనిపిస్తున్నవి రాబడికి పొసగని గడువు, హద్దు లేని వడ్డీ. ఉపశమన చట్టాలు భూమి ఉన్నవానిని, మగ్గం ఉన్నవానిని గుర్తించాయి. కౌలుదారు, కూలి నేతగాడు చాలాసార్లు బయటే మిగిలారు. నేడు ఒప్పంద కార్మికుని స్థితీ అదే. కార్డు బాకీల అధ్యయనం ఖర్చుచేసినవాని అలవాట్లతో ఆగిపోరాదు, అప్పు షరతులనూ రాబడి స్వభావాన్నీ కలిపి పరిశీలించాలి. కిసాన్ కార్డులో సాధ్యమైన అదను మగ్గానికి, ఒప్పందపు కూలికి ఎందుకు సాధ్యం కాదన్నది భావి పరిశోధనలు చేపట్టవలసిన ప్రశ్న.