ఎల్‌బీజే (1991 టెలివిజన్ డాక్యుమెంటరీ)

అమెరికా 36వ అధ్యక్షుడు లిండన్ బెయిన్స్ జాన్సన్ (1908–1973) జీవితం మీద డేవిడ్ గ్రూబిన్ తీసిన నాలుగు గంటల డాక్యుమెంటరీ 'ఎల్‌బీజే'. అక్కడి ప్రజా ప్రసార సంస్థ పీబీఎస్‌లో 'అమెరికన్ ఎక్స్‌పీరియన్స్' వరుసలో భాగంగా 1991లో ప్రసారమైంది. బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ కేంద్రం 1988లో మొదలుపెట్టిన ఈ వరుసకు చరిత్రకారుడు డేవిడ్ మెకల్లో చాలా ఏళ్లు వ్యాఖ్యాతగా ఉన్నారు. అధ్యక్షుల జీవితాలను ఒక్కొక్కటిగా చెప్పే అలవాటు దీనికి తొలి ఏళ్లలోనే అబ్బింది. 1990లో నిక్సన్ కథ వచ్చింది, మరుసటి ఏడాది జాన్సన్ కథ. గ్రూబిన్ తర్వాత ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్, థియొడోర్ రూజ్వెల్ట్, ట్రూమన్‌ల మీద కూడా చిత్రాలు తీశారు. అయినా ఆయన చేతికి దొరికిన మనుషుల్లో ఇంత చిక్కుముడి మనిషి మరొకరు లేరు.

జాన్సన్ పుట్టింది టెక్సాస్‌లోని స్టోన్‌వాల్ దగ్గర, రాతినేలల కొండ ప్రాంతంలో. ఆయన యువకుడిగా ఉన్న రోజుల్లో అక్కడి పల్లెలకు కరెంటు లేదు. ఆడవాళ్లు బావి నుంచి బిందెల కొద్దీ నీళ్లు తోడి మోసుకొచ్చేవారు. 1937లో కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాక ఆయన పట్టుబట్టి సాధించిన మొదటి పనుల్లో ఆ ఊళ్లకు కరెంటు తీగ లాగించడం ఒకటి. అంతకు ముందు 1928–29లో కటూలా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ అమెరికన్ పిల్లలకు పాఠాలు చెప్పారు. పొద్దున ఏమీ తినకుండా బడికొచ్చిన ఆ పిల్లల ముఖాలు ఆయన మనసులోంచి చెరగలేదు. 1965 మార్చి 15న నల్లజాతివారి ఓటు హక్కు కోసం కాంగ్రెస్ ఉభయ సభల ముందు నిలబడినప్పుడు దేశానికి ఆ బడి గురించే చెప్పారు. జాన్సన్‌ను ఓట్ల లెక్కలు తప్ప ఏమీ ఎరగని మనిషిగా కొట్టిపారేసేవారు ఆ ప్రసంగాన్ని ఒకసారి కూర్చుని వినాలి.

ఓట్ల లెక్కల్లో ఆయన ఘటికుడన్నది మాత్రం నిజం. 1948 సెనెట్ ప్రైమరీలో 87 ఓట్ల తేడాతో గెలిచారు. ఆ గెలుపు మీద పడిన అనుమానపు నీడ చివరి దాకా పోలేదు. 1955లో సెనెట్‌లో మెజారిటీ పక్ష నాయకుడయ్యారు, 1961లో ఉపాధ్యక్షుడయ్యారు.

1963 నవంబరు 22న డాలస్‌లో అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగింది. ఆ రోజే విమానంలో జరిగిన జాన్సన్ ప్రమాణ స్వీకారాన్ని కదిలే చిత్రంగా ఎవరూ తీయలేదు. మిగిలినవి సెసిల్ స్టౌటన్ తీసిన ఫొటోలు, డిక్టాఫోన్‌లో పట్టిన గొంతులు. విమానం లోపల ఇరుకు చోటు. జడ్జి సారా హ్యూజ్ ఎదుట జాన్సన్ కుడిచేయి ఎత్తి నిలబడ్డారు. పక్కన నెత్తురు మరకలతోనే కెనెడీ భార్య జాక్వెలిన్.

తర్వాత వచ్చిన రెండేళ్లలో జరిగినంత పని అమెరికాలో చాలా అరుదు. 1964 జులై 2న పౌర హక్కుల చట్టం, 1965 జులై 30న వృద్ధుల వైద్యానికి మెడికేర్, ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం. అదే ఏడాది అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర ఆయన సంతకం పెట్టిన వలస చట్టం మన ఇళ్ల దాకా వచ్చింది. అప్పటి దాకా భారతీయులకు కోటా ఏడాదికి 100 మందికే. దేశాలవారీ కోటాలు పోయాక గుంటూరు, విశాఖ, ఉస్మానియా వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు, వాళ్ల వెనకే ఇంజినీర్లు అమెరికా దారి పట్టారు. కరువు ఏళ్లలో మన దేశానికి పంపే గోధుమలను మాత్రం ఆయన నెలకింత అని తూచి వదిలారు. ఆ నొప్పి ఢిల్లీ చాలాకాలం మరిచిపోలేదు. ఆయనను తలుచుకునేటప్పుడు ఈ రెండూ చెప్పడమే న్యాయం.

ఇదంతా కట్టిన చేతులే వియత్నాంలో యుద్ధాన్నీ పెంచాయి. ఆయన పదవిలోకి వచ్చేనాటికి అక్కడున్న అమెరికన్ సైనికులు సుమారు 16,000. 1968లో ఆ సంఖ్య 5,00,000 దాటింది. ఆ మార్చి 31న మళ్లీ పోటీ చేయనని టెలివిజన్‌లో ప్రకటించారు. ఆ జులైలో తీసిన ఒక ఫొటో ఉంది. వియత్నాంలో పనిచేస్తున్న అల్లుడు పంపిన టేపు వింటూ అధ్యక్షుడు బల్ల మీదికి తల వాల్చేశారు. 1973 జనవరి 22న ఆయన కన్నుమూశారు. మరో ఐదు రోజులకు పారిస్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

గ్రూబిన్ చిత్రానికున్న బలం అది తయారైన కాలం. 1991 నాటికి జాన్సన్‌తో కలిసి పనిచేసినవారు, ఆయన చేతిలో మాటలు పడ్డవారు ఎందరో బతికే ఉన్నారు. కెమెరా ముందు కూర్చుని ప్రేమ, కోపం రెండూ దాచుకోకుండా మాట్లాడారు. జాన్సన్ గొప్పవాడా, దేశాన్ని ముంచినవాడా అన్న తీర్పు చిత్రం తొందరపడి ఇవ్వదు. ఒకే మనిషిలో ఇద్దరూ ఉన్నారని నాలుగు గంటలూ ఓపికగా చూపిస్తుంది. సరైన పద్ధతి అదే.

దానికి అందనిది ఒకటుంది. జాన్సన్ పదవిలో ఉండగా 640 గంటలకు పైగా ఫోన్ సంభాషణలు రికార్డు చేయించారు. తన మరణానంతరం యాభై ఏళ్లు వాటిని తెరవవద్దన్నారు. ఆస్టిన్‌లోని ఆయన గ్రంథాలయం మాత్రం 1993 నుంచే వాటిని విడుదల చేయడం మొదలుపెట్టింది. 2022లో సీఎన్‌ఎన్ ప్రసారం చేసిన నాలుగు భాగాల 'ఎల్‌బీజే: ట్రయంఫ్ అండ్ ట్రాజెడీ' లాంటి చిత్రాలు వచ్చేసరికి ఆ గొంతు అందరికీ వినిపిస్తోంది. 1964 మే 27న సలహాదారు మెక్‌జార్జ్ బండీతో మాట్లాడుతూ, వియత్నాం కోసం పోరాడటం దండగ అని, అలాగని బయటపడే దారీ కనిపించడం లేదని జాన్సన్ దిగులుపడటం ఆ టేపుల్లో ఉంది. రెండున్నర నెలలకు, ఆగస్టు 10న, యుద్ధానికి తలుపు తెరిచిన టోంకిన్ తీర్మానం మీద ఆయనే సంతకం పెట్టారు.