హైదరాబాదులో పాఠశాల బ్లేజరు

పాఠశాల బ్లేజరు అనగా విద్యార్థులు ఏకరూప దుస్తులలో (యూనిఫాం) భాగంగా చొక్కాపై ధరించే పొట్టి కోటు. ఎడమ వైపు పై జేబు మీద పాఠశాల చిహ్నం కుట్టి ఉండటం దీని ముఖ్య లక్షణం. ఇది ఇంగ్లండులో 19వ శతాబ్దంలో క్రీడా దుస్తుగా మొదలై, తరువాత పాఠశాలలకు, అక్కడి నుండి బ్రిటీషు పాలనలోని దేశాలకు వ్యాపించింది. హైదరాబాదుకు ఆంగ్ల కోటు రెండు మార్గాలలో వచ్చింది. మొదట దాని పోలికలు షేర్వాణీలో కలిసిపోయాయి. తరువాత బ్లేజరు రూపంలో దాదాపు యథాతథంగా పాఠశాలలలో ప్రవేశించింది.

పేరు, పుట్టుక

ఆంగ్లంలో "బ్లేజ్" అనగా మండు, జ్వలించు అని అర్థం. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని సెయింట్ జాన్స్ కళాశాలకు చెందిన లేడీ మార్గరెట్ బోట్ క్లబ్బు 1825లో ఏర్పడింది. ఈ క్లబ్బు పడవ పందెగాళ్ళు ధరించిన మండే ఎరుపు రంగు కోట్ల వలన ఈ పేరు వచ్చిందని సాధారణంగా చెబుతారు. "బ్లేజర్" అనే యుద్ధనౌక నావికుల కోట్ల వలన వచ్చిందనే కథనం కూడా ప్రచారంలో ఉంది.

పాఠశాల యూనిఫాం మాత్రం బ్లేజరు కంటే చాలా పాతది. 1552లో లండనులో పేద పిల్లల కోసం స్థాపించిన క్రైస్ట్స్ హాస్పిటల్ పాఠశాలలో పొడవాటి నీలి కోటు ధరించేవారు. ఆ పాఠశాల ఆ దుస్తులను నేటికీ కొనసాగిస్తున్నది. అనగా యూనిఫాం మొదట దాతల సహాయంతో చదువుకునే పిల్లల గుర్తు. 19వ శతాబ్దంలో ఈటన్ వంటి సంపన్నుల పాఠశాలలు తమ ప్రత్యేక దుస్తులను స్థిరపరచుకున్న తరువాత అది హోదాకు గుర్తుగా మారింది.

ఇతర దేశాలలో

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా, కెన్యా, శ్రీలంక మొదలైన దేశాలలో బ్లేజరు నేటికీ వాడుకలో ఉంది. బ్రిటీషు పాలన లేని జపానులో కూడా 1980వ దశకం నుండి పాత సైనిక తరహా దుస్తుల స్థానంలో అనేక ఉన్నత పాఠశాలలు బ్లేజరును ప్రవేశపెట్టాయి. భారతదేశంలో సనావర్ (1847), లవ్‌డేల్ (1858) లారెన్స్ పాఠశాలల వంటి కొండ ప్రాంతపు విద్యాసంస్థలు ఆంగ్ల పద్ధతులను అనుసరించాయి. అక్కడి చలికి ఉన్ని కోటు తగిన దుస్తు.

హైదరాబాదు రాజ్యంలో

జహనుమా హైదరాబాదు పాతబస్తీలో ఫలక్‌నుమా సమీపాన ఉన్న ప్రాంతం. పైగా వంశీయుల జహనుమా భవనం వలన దీనికి ఈ పేరు వచ్చింది. అదే వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమా భవన నిర్మాణాన్ని ప్రారంభించాడు. తరువాత దానిని ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తీసుకున్నాడు. ఈ ప్రభువుల కాలంలోనే ఆంగ్ల విద్యతో పాటు ఆంగ్ల దుస్తులు కూడా నగరంలోని ఉన్నత కుటుంబాలకు చేరాయి. పాతబస్తీలోని పురానీ హవేలీలో మహబూబ్ అలీఖాన్ దుస్తుల కోసం కట్టిన రెండంతస్తుల పొడవైన బీరువాల గదిని నేటికీ చూడవచ్చు.

అయితే ఆ కాలపు హైదరాబాదులో విద్యావంతుల దుస్తుగా స్థిరపడినది ఆంగ్ల కోటు కాదు, షేర్వాణీ. మోకాళ్ళ వరకు వచ్చే ఈ దుస్తులో పాత అంగరఖా, అచ్కన్‌ల పొడవు, ఆంగ్లేయుల ఫ్రాక్ కోటు కత్తిరింపు, ముందువైపు గుండీల వరుస కలిసి ఉన్నాయి. దీనిని హిందువులు, ముస్లింలు కూడా ధరించేవారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల దుస్తు కూడా షేర్వాణీయే.

ఆంగ్ల మాధ్యమ విద్య మరొక దారిలో సాగింది. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు (1834), ఆల్ సెయింట్స్ (1855) వంటి క్రైస్తవ విద్యాసంస్థలు, మొదటి సాలార్ జంగ్ కాలంలో 1870వ దశకంలో మొదలైన మదరసా-ఎ-ఆలియా, బాలికల కోసం 1907లో ఏర్పడిన మహబూబియా పాఠశాల ఇందులో ముఖ్యమైనవి. జాగీర్దారుల పిల్లల కోసం 1923లో ఈటన్ నమూనాలో జాగీర్దార్ కళాశాల స్థాపించబడింది. జాగీర్దారీ పద్ధతి రద్దయిన తరువాత 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారి ఇతర వర్గాల పిల్లలకు కూడా ప్రవేశం కల్పించింది.

స్వాతంత్ర్యానంతరం

1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైన తరువాత విద్యార్థులలో షేర్వాణీ వాడకం క్రమంగా తగ్గి, అది పెళ్ళిళ్ళు, పండుగల దుస్తుగా మిగిలింది. ఆంగ్ల మాధ్యమ ప్రైవేటు పాఠశాలలు పెరిగిన కొద్దీ టై, బెల్టు, బూట్లు చిన్న వీధుల బడులకు కూడా చేరాయి. బ్లేజరు మాత్రం ఎక్కువగా రుసుము వసూలు చేసే పాఠశాలలకే పరిమితమైంది. బాలికలు కొన్నిచోట్ల సల్వారు కమీజుపై బ్లేజరు ధరిస్తారు. ఈ జోడింపు ఇక్కడి అవసరం నుండి పుట్టినది.

వాతావరణం, ఖర్చు

హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నా, పగలు 28 డిగ్రీల వరకు ఉంటుంది. అందువలన బ్లేజరు ఏడాదిలో కొద్ది వారాలు, అదీ ఉదయం వేళ మాత్రమే అవసరం. లోపల అస్తరు, భుజాల వద్ద మెత్త ఉండటం వలన దీనిని కుట్టడం చొక్కా కంటే కష్టం, ధర కూడా ఎక్కువ. పిల్లలు త్వరగా ఎదుగుతారు కనుక ఒకటి రెండేళ్ళకే కొత్తది కొనవలసి వస్తుంది.

ప్రభుత్వ పాఠశాలలలో యూనిఫాంను ఉచితంగా ఇస్తారు. 2018లో మొదలైన సమగ్ర శిక్ష పథకం ప్రకారం ఒక విద్యార్థికి రెండు జతలకు గరిష్ఠంగా 600 రూపాయలు కేటాయించారు. ఈ దుస్తులలో బ్లేజరు ఉండదు.

యూనిఫాం పేద, ధనిక పిల్లల మధ్య తేడా కనబడకుండా చేస్తుందని సమర్థించేవారి వాదన. ఒక తరగతి గది లోపల ఇది చాలావరకు నిజం. కానీ వీధిలో, బస్సులో బ్లేజరు ఉన్న విద్యార్థి ఏ తరహా బడిలో చదువుతున్నాడో చూడగానే తెలుస్తుంది. బ్లేజరు పుట్టిన ఇంగ్లండులో కూడా ఖర్చు సమస్యగా మారటంతో, యూనిఫాం ధరలు తల్లిదండ్రులకు భారం కాకుండా పాఠశాలలకు మార్గదర్శకాలు జారీ చేయాలని 2021లో ఒక చట్టం చేశారు.