తాబూక్ గోడ కథ: కువైట్ మట్టి మిద్దెల నుంచి తెల్ల బ్లాకు దాకా

పోస్టు కొంచెం పెద్దది. డ్యూటీ దిగి, స్నానం చేసి, తీరిగ్గా చదవండి. మనం రోజూ ఎత్తే ఈ సిమెంటు తాబూక్ కువైట్‌లోకి ఎందుకొచ్చింది, దాని తర్వాత ఏం జరిగింది అన్నదే సంగతి. మనలో సగం మంది ఊర్లో ఇల్లు కట్టుకుంటున్నారు, లేదా కట్టాలని డబ్బు కూడబెడుతున్నారు. అందుకే ఇది మనకు పనికొచ్చే చరిత్ర.

ఆయిలు రాకముందు ఇక్కడ ఉన్నవి మట్టి ఇళ్ళే. సముద్రపు ఒడ్డున దొరికే రాయి, మట్టి కలిపి మందంగా గోడ కట్టేవాళ్ళు. పైకప్పుకు తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో తెచ్చిన చందల్ కర్రలు, వాటి మీద చీల్చిన వెదురు, దాని మీద రెల్లు చాప, ఆపైన మట్టి. కడప, రాయచోటి వైపు వాళ్ళకు ఇది వింటుంటేనే తెలిసిపోతుంది. మన మట్టి మిద్దె కూడా ఇంతే కదా! దూలాలు, దంతెలు, పైన చవుడు మన్ను. కర్ర పొడవు ఎంతో గది వెడల్పు అంతే, అందుకే పాత గదులన్నీ ఇరుకుగా, పొడుగ్గా ఉండేవి. మధ్యలో హోష్ అనే వాకిలి, వీధి వైపు కిటికీలు తక్కువ. మందపాటి మట్టి గోడ పగలంతా ఎండ తాగినా ఆ వేడి లోపలికి చేరేసరికి పొద్దు గూకేది. అప్పటికి జనం మిద్దె పైకెక్కి పడుకునేవాళ్ళు. గల్ఫ్ రోడ్డులో నేషనల్ మ్యూజియం పక్కనున్న బైత్ అల్ బద్ర్ ఆ కాలపు ఇల్లే. శుక్రవారం అటు పోతే బయట నుంచైనా చూడండి.

మట్టికి శత్రువు వాన. కువైట్‌లో వాన అరుదే, కానీ 1934లో పడిన వానకు ఊర్లో ఎన్నో ఇళ్ళు కరిగి కూలిపోయాయి. ఆ ఏడాదిని ఇక్కడి ముసలివాళ్ళు 'హదామా' అంటారు, అంటే కూల్చేసిన ఏడు. వాళ్ళు సిమెంటు వెంట ఎందుకు పడ్డారని మట్టి ఇంటి అందం గురించి మాట్లాడేవాళ్ళు అడుగుతుంటారు. నెత్తిన కప్పు కూలిన ఇంట్లో ఒక రాత్రి గడిపినవాడు ఆ మాట అడగడు.

ఇక బ్లాకు సంగతి. లోపల బోలుగా ఉండే సిమెంటు బ్లాకు తయారుచేసే మిషన్‌కు అమెరికాలో హార్మన్ పామర్ అనే ఆయన 1900లో పేటెంటు తీసుకున్నాడు. ఇసుక, కంకర, సిమెంటు, ఒక అచ్చు ఉంటే ఎక్కడైనా పోసుకోవచ్చు, కాల్చే పని లేదు. కట్టెలు, బొగ్గు లేని ఎడారికి ఇంతకంటే ఏం కావాలి? 1946లో కువైట్ ఆయిలు ఎగుమతి మొదలైంది. 1951 నుంచి ప్రభుత్వం పాత ఊరిలోని ఇళ్ళను మంచి ధరకు కొని, జనాన్ని బయట కొత్త ఏరియాలకు పంపింది. 1952లో బ్రిటిష్ ప్లానర్లు కొత్త సిటీ ప్లాను గీశారు. ఊరి చుట్టూ ఉన్న గోడను 1957లో పడగొట్టారు, గేట్లు మాత్రం మిగిల్చారు. మట్టి ఇళ్ళ స్థానంలో విల్లాలు లేచాయి, వాటి గోడల్లో తాబూక్.

అయితే కాంక్రీటు గట్టిదన్న పేరు ఇక్కడ అంత సులభంగా నిలబడలేదు. మంచినీళ్ళకే కరువున్న దేశం ఇది, షువైఖ్‌లో సముద్రపు నీటిని శుద్ధిచేసే ప్లాంటు వచ్చింది 1953లో. ఉప్పు నీళ్ళు, ఉప్పు ఇసుక, ఉప్పు గాలి. బ్లాకులో ఇనుము లేదు కాబట్టి గోడకు చౌడు పట్టి ప్లాస్టరింగ్ రాలడం వరకే. పిల్లర్లలో, స్లాబుల్లో ఉన్న కమ్మీలు మాత్రం తుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటును పగలగొట్టేవి. గల్ఫ్ అంతటా పదిహేనేళ్ళు నిండని బిల్డింగులకే రిపేర్లు వచ్చాయి. ఇప్పుడు సైట్లో నీళ్ళకు, ఇసుకకు టెస్టులు అడుగుతారంటే ఆ అనుభవం వల్లే.

రెండో కష్టం వేడి. బ్లాకులో బోలు ఉంది కదా, గాలి వేడిని ఆపుతుంది కదా అనుకుంటాం. కొంచెం ఆపుతుంది, నిజమే. కానీ రెండు మొహాలను కలిపే సిమెంటు అడ్డగోడల గుండా వేడి నేరుగా లోపలికి నడిచొస్తుంది. బోలులోని గాలి కూడా కదులుతూ వేడిని మోస్తుంది. మట్టి గోడ చేసిన పని ఏసీ మీద పడింది. 1966 నుంచి సొంత ఇళ్ళకు కరెంటు యూనిట్ 2 ఫిల్సులే, కాబట్టి గోడ గురించి ఎవరూ బాధపడలేదు. ఎండాకాలం వస్తే పవర్ ప్లాంట్లు మోసే లోడులో పెద్ద భాగం ఏసీలదే అయింది. 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం మరి.

అందుకే 1983లో కరెంటు, నీటి శాఖ రూలు తెచ్చింది. కొత్త బిల్డింగుల గోడలకు, పైకప్పుకు ఇన్సులేషన్ ఉండాలి, ఏసీకి ఇంత కరెంటే అని హద్దు పెట్టింది. గల్ఫ్‌లో ఇలా ముందుగా మేల్కొన్నవాళ్ళలో కువైట్ ఒకటి. దుబాయ్‌లో ఇన్సులేషన్ ఆర్డరు వచ్చింది 2003లో. అప్పటి నుంచి రెండు గోడల మధ్య థర్మోకోల్ షీటు పెట్టి కట్టే పద్ధతి, తెల్ల బ్లాకు వాడకం పెరిగాయి. తెల్ల బ్లాకు కనిపెట్టింది 1920లలో స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్ అనే ఆర్కిటెక్టు. ఇసుక, సున్నం, సిమెంటులో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తే పిండి పులిసినట్టు పొంగుతుంది, దాన్ని ఆవిరిలో ఉడికిస్తారు. ఒంటినిండా సన్నని గాలి గూళ్ళు. మామూలు కాంక్రీటు బరువులో మూడో వంతు కూడా ఉండదు, వేడిని చాలా మెరుగ్గా ఆపుతుంది. అలాంటి గోడలు కట్టిన మనోళ్ళలో చాలామంది పడుకునేది రేకుల షెడ్డులో. అది చరిత్రలో ఎవరూ రాయరు, మనమే రాసుకోవాలి.

ఇప్పుడు ఊరి మాట. మన వైపు కొత్త ఇళ్ళు చూస్తే ముందు అద్దాలు, ఎలివేషన్, గ్రానైట్, అన్నీ కువైట్ విల్లాలాగే ఉంటాయి. గోడ మాత్రం ఒక్క వరస సిమెంటు ఇటుక, పైన ఒట్టి స్లాబు. అమ్మానాయన మే నెలలో ఆ ఇంట్లో ఉండలేక చెట్టు కింద మంచం వేసుకుంటారు. ఇటుకలు పోసిన మూడో రోజే ట్రాక్టరుకెత్తి పంపుతున్నారు కూడా. సిమెంటు చెప్పిన బలానికి రావాలంటే 28 రోజులు. కనీసం రెండు వారాలు తడిపినవైతేనే దించుకోండి. లైట్ వెయిట్ బ్లాకులు ఇప్పుడు మన వైపూ దొరుకుతున్నాయి. వాటిని ఎర్ర ఇటుకలా తొట్లో నానబెట్టకూడదు, పైపైన తడిపితే చాలు. ఇది తెలియని మేస్త్రీలు కట్టిన గోడలు చీలితే తప్పు బ్లాకు మీదికి పోతుంది.

ఇల్లంతా పెట్టేంత డబ్బు లేకపోతే పడమటి గోడకు, పై స్లాబుకు ముందు ఖర్చుపెట్టమని మేస్త్రీకి ఫోన్లో చెప్పండి. ఎలివేషన్ వచ్చే లీవులో చేయించుకోవచ్చు.