క్రైస్తవ స్వాతంత్ర్యం, మితపానం: తెలుగు సంఘాల్లో చర్చ

క్రైస్తవ స్వాతంత్ర్యం అనేది ప్రొటెస్టెంటు వేదాంతంలోని ఒక ముఖ్య సిద్ధాంతం. లేఖనం ఆజ్ఞాపించని, నిషేధించని విషయాల్లో మనుషులు పెట్టిన నియమాలు విశ్వాసి మనస్సాక్షిని కట్టివేయలేవని ఇది చెబుతుంది. తిండి, బట్ట, పండుగ రోజులు, ఉపవాసాలు వంటివన్నీ దీని పరిధిలోకి వస్తాయి. వీటిలో ఎక్కువ కాలం, ఎక్కువ వేడిగా సాగిన చర్చ మద్యం గురించే. తాగుబోతుతనం పాపమనడంలో ఏ సంఘానికీ భేదాభిప్రాయం లేదు. మత్తెక్కనంత మేరకు తాగడం విశ్వాసి ఇష్టానికి విడిచిన సంగతా, పూర్తిగా మానవలసినదా అన్నదే తగువు. తెలుగు నాట ఈ తగువు ఐరోపా, అమెరికాల్లో నడిచిన దారిలో నడవలేదు. ఇక్కడ ఎదురుగా ఉన్నది భోజనం బల్ల మీది ద్రాక్షారసం కాదు, కల్లుకుండ, సారా ప్యాకెట్టు.

లేఖన ఆధారాలు

బైబిలులో రెండు రకాల మాటలూ ఉన్నాయి. 104వ కీర్తన ద్రాక్షారసాన్ని దేవుడిచ్చిన సంతోషాల్లో ఒకటిగా లెక్కిస్తుంది. కానా పెళ్లిలో యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చాడని యోహాను సువార్త 2వ అధ్యాయం చెబుతుంది. కడుపు జబ్బు కోసం కొంచెం పుచ్చుకోమని పౌలు తిమోతికి రాశాడు. మరోవైపు నోవహు మత్తులో పడి పరువు పోగొట్టుకున్నాడు. సామెతల గ్రంథం 23వ అధ్యాయం తాగుబోతు అవస్థను కళ్లకు కట్టినట్టు వర్ణిస్తుంది. నాజీరులు, రేకాబీయులు ద్రాక్షారసాన్ని ముట్టలేదు. సంఘాధ్యక్షుడు మద్యపాని కాకూడదన్నది మొదటి తిమోతి పత్రికలోని షరతు.

నాటి ద్రాక్షారసం పులియనిదేనని 19వ శతాబ్దపు మద్యనిరోధకులు కొందరు వాదించారు. ఈ వాదం బలమైనది కాదు. కొరింథు సంఘంలో ప్రభువు భోజనం దగ్గర ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తులో ఉన్నాడని పౌలు మందలించాడు. పులియని రసంతో మత్తెక్కదు కదా.

అసలు చర్చకు కేంద్రం మొదటి కొరింథీ పత్రిక 8 నుంచి 10 వరకు ఉన్న అధ్యాయాలు, రోమా పత్రిక 14వ అధ్యాయం. కొరింథులో ప్రశ్న మద్యం గురించి కాదు, విగ్రహానికి అర్పించిన మాంసం గురించి. విగ్రహం వట్టిదే కాబట్టి ఆ మాంసం తినడంలో తప్పు లేదని పౌలు ఒప్పుకుంటాడు. కానీ నిన్నటి దాకా ఆ విగ్రహానికి మొక్కినవాడు పక్కన ఉంటాడు. వాడి మనస్సాక్షి ఇంకా బలహీనం. తెలిసినవాడు తినడం చూసి వాడు మళ్లీ పాత దారి పడితే, ఆ తెలివి వాణ్ని చెరుపుతుంది. రోమా పత్రిక ఈ నియమాన్ని మాంసంతో పాటు ద్రాక్షారసానికీ వర్తింపజేస్తుంది. స్వాతంత్ర్యం ఉన్నదీ నిజమే, దాన్ని పొరుగువాడి కోసం వదులుకోవలసి రావడమూ నిజమే అన్నది పౌలు తీర్పు. గలతీ పత్రిక 5వ అధ్యాయం సారాంశమూ ఇదే.

సంస్కరణ కాలం నుంచి మద్యనిరోధ సంఘాల దాకా

మార్టిన్ లూథర్ 1520లో క్రైస్తవుని స్వాతంత్ర్యం మీద రాసిన చిన్న గ్రంథం ఈ సిద్ధాంతానికి పేరు తెచ్చింది. జాన్ కాల్విన్ తన ‘ఇన్‌స్టిట్యూట్స్’లో దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రకటన 20వ అధ్యాయమూ దీని గురించే. వీరెవరూ మద్యాన్ని పూర్తిగా మానమనలేదు. జాన్ వెస్లీ 1743లో మెథడిస్టులకు రాసిన నియమాలు కూడా బట్టీలో దించిన ఘాటు మద్యాన్నే, అదీ తప్పనిసరి అవసరం లేనప్పుడే నిషేధించాయి.

పూర్తిగా మానాలన్న ప్రతిజ్ఞ 1832లో ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో జోసెఫ్ లైవ్‌సీ వంటివారితో ఊపందుకుంది. అమెరికాలో 1874లో ఏర్పడిన క్రైస్తవ స్త్రీల మద్యనిరోధ సంఘం దాన్ని దేశవ్యాప్త ఉద్యమం చేసింది. ఆంగ్లికన్లు మధ్యేమార్గం పట్టారు. వారి మద్యనిరోధ సంఘంలో పూర్తిగా మానినవారికి ఒక సభ్యత్వం, మితంగా తాగేవారికి ఇంకొక సభ్యత్వం ఉండేవి. తెలుగు దేశానికి వచ్చిన మిషనరీలు ఈ భేదాలన్నిటినీ మూటగట్టుకునే వచ్చారు. అమెరికన్ బాప్టిస్టులు ఒక పద్ధతి, ఆంగ్లికన్లు ఇంకొక పద్ధతి, కాథలిక్కులు మరొక పద్ధతి.

నంద్యాల సీమలో

ఎర్రమల, నల్లమల కొండల మధ్య కుందూ లోయలో నంద్యాల, ఆళ్లగడ్డ, నల్లమల అంచున వెలుగోడు ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఇప్పుడు ఇవన్నీ భాగం. ఇక్కడి ప్రొటెస్టెంటు సంఘాలకు మూలం ఎస్పీజీ అనే ఆంగ్లికన్ మిషన్. ఆళ్లగడ్డకు దగ్గరలోని ముత్యాలపాడు 1850ల నుంచి దానికి కేంద్రం. జాన్ క్లే అక్కడ చాలాకాలం పనిచేశాడు. తర్వాత నంద్యాల విద్యా కేంద్రంగా, ఆపై అధ్యక్ష పీఠంగా ఎదిగింది. సంఘంలో చేరినవారు ప్రధానంగా మాల కుటుంబాల వారు.

ఆనాటి పేటల్లో కల్లు కేవలం పానీయం కాదు. పెద్దమ్మ, ఎల్లమ్మ, పోలేరమ్మ జాతరల్లో దాన్ని దేవతకు పోసేవారు. పెళ్లికీ చావుకీ అది ఉండాల్సిందే. కులపంచాయితీ వేసిన తప్పు డబ్బు చాలాసార్లు కల్లు దుకాణానికే పోయేది. దుకాణంలో బాకీ, ఆసామి దగ్గర అప్పు ఒకదానికొకటి తోడై కుటుంబాన్ని కట్టిపడేసేవి. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రచురించిన ‘ద విలేజ్ గాడ్స్ ఆఫ్ సౌత్ ఇండియా’లో తెలుగు గ్రామదేవతల పూజల్లో కల్లు పాత్ర వివరంగా కనిపిస్తుంది. ఇలాంటి చోట మద్యాన్ని మంచిచెడ్డలు లేని మామూలు వస్తువు అనడం కుదరదు. పౌలు కొరింథీయులకు రాసిన అధ్యాయాలు లండను పాఠకుడి కంటే ముత్యాలపాడు విశ్వాసికే సూటిగా తగులుతాయి. దేవతకు పోసిన కల్లు విగ్రహార్పిత మాంసానికి సరిసమానం. నిన్నటి దాకా జాతరలో తాగి ఊగినవాడే ఇక్కడి బలహీనుడు. అతను పక్కింట్లోనే ఉంటాడు, కొన్నిసార్లు అదే ఇంట్లో ఉంటాడు.

అయినా తొలి మిషనరీలు అందరూ మద్యాన్ని మొదటి షరతుగా పెట్టలేదు. నల్లమలకు అవతల ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. చేరేవారికి అతను పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కల్లు ఈ జాబితాలో లేదు. మూడో నియమం పాటిస్తే జాతర పోతుంది, జాతరతో పాటు కల్లులో పెద్ద వంతూ పోతుంది. క్లౌ లెక్క అదే కావచ్చు.

తర్వాతి తరాల్లో మాత్రం మద్యం మానడం క్రైస్తవుడి గుర్తుగా స్థిరపడింది. దీనికి మిషనరీల బోధ ఒక్కటే కారణం కాదు. తాగుతారు అన్న మాట దళితుల మీద వేసే నిందల్లో ఒకటి. ఆ నిందను తుడిచేయడం గౌరవం కోసం చేసిన పోరాటంలో భాగం. క్రైస్తవ సంఘాల బయట కూడా ఇదే జరిగింది. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి స్థాపించి దళితవాడల్లో మద్యానికి వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. 1933లో వెలువడిన వాస్కం పికెట్ సామూహిక మతమార్పుల సర్వే తెలుగు ప్రాంతాలను కూడా పరిశీలించింది. మద్యం మానడాన్ని అది జీవితమార్పుకు ఒక కొలమానంగా తీసుకుంది.

ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన కొత్త సంఘాలు నియమాన్ని ఇంకా బిగించాయి. బక్త్ సింగ్ (1903–2000) హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా నడిపిన సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు, ఏడవదిన అడ్వెంటిస్టులు, సాల్వేషన్ ఆర్మీ సైనికులు, వీరందరిలోనూ మద్యం పూర్తిగా నిషిద్ధం. తాగినట్టు తేలిన సభ్యుణ్ని కొంతకాలం ప్రభువు బల్లకు దూరంగా ఉంచడం అనేక సంఘాల్లో ఆనవాయితీ. ఈ క్రమశిక్షణలో ఒక లోపం కూడా కనిపిస్తుంది. కల్లు తాగిన కూలీ అందరి కంటా పడతాడు. పట్నంలో గది తలుపు వేసుకుని విస్కీ తాగే ఉద్యోగి పడడు. శిక్ష మొదటివాడికే ఎక్కువసార్లు అందుతుంది.

సంస్కారపు పాత్ర

కల్లు మానమన్న సంఘమే ప్రభువు భోజన సంస్కారంలో పులిసిన ద్రాక్షారసం ఇవ్వవచ్చా అన్న ప్రశ్న ఈ చర్చకు మరో ముఖం. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు ద్రాక్షరసం పులియకుండా నిల్వ చేసే పద్ధతి కనిపెట్టాడు. మద్యనిరోధ సంఘాలకు అది వరమైంది. 1888 లాంబెత్ సమావేశంలో ఆంగ్లికన్ బిషప్పులు దాన్ని ఒప్పుకోలేదు. సంస్కారానికి నిజమైన ద్రాక్షారసమే వాడాలని తీర్మానించారు. కాథలిక్కులదీ అదే నియమం. 1983 నాటి కాథలిక్ ధర్మశాస్త్రం 924వ విధి ప్రకారం అది ద్రాక్షపండ్ల నుంచి తీసిన సహజమైన ద్రాక్షారసం అయి ఉండాలి, చెడిపోకూడదు. 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం సహా తెలుగు కాథలిక్ సంఘాలన్నిటికీ ఇదే వర్తిస్తుంది. మితపానాన్ని కాథలిక్ బోధ పాపంగా చూడదు, అతిని మాత్రమే ఖండిస్తుంది.

1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒకే గొడుగు కిందకు వచ్చారు. వేర్వేరు పాత్రలు వాడిన సంఘాలు ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చింది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో అనేకులు అప్పుడు కలవలేదు. అయితే దానికి కారణం పాత్ర కాదు, గురువుల అభిషేకానికి సంబంధించిన వివాదం. వారు కొన్ని దశాబ్దాలు విడిగా ఉండి తర్వాత చేరారు. ఇప్పుడు పల్లె సంఘాల్లో ఎండుద్రాక్షను నీళ్లలో ఉడికించి పిండిన రసమో, సీసా ద్రాక్షరసమో వాడడం సాధారణం. సాల్వేషన్ ఆర్మీకి ఈ తలనొప్పే లేదు, సంస్కారాలనే అది ఆచరించదు కాబట్టి.

ప్రభుత్వ నిషేధం, స్త్రీల ఉద్యమం

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. 1948 నాటికి అది రాష్ట్రమంతటా అమలైంది. 1953లో కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం 1954 నవంబరులో ఈ నిషేధం మీద వచ్చిన అవిశ్వాసంలోనే, ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. నిషేధ చట్టాలకు మతపరమైన మినహాయింపులు ఉండడం మామూలే. అమెరికా 1919 చట్టంలోనూ, నేటికీ గుజరాత్‌లో అమలవుతున్న 1949 నాటి బొంబాయి చట్టంలోనూ సంస్కారపు ద్రాక్షారసానికి వెసులుబాటు ఉంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం చర్చ తీరును మార్చింది. వర్ధినేని రోశమ్మ పేరు దానితో ముడిపడి ఉంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16న ఎన్టీ రామారావు ప్రభుత్వంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది. కూలి డబ్బు సారాకు పోతే ఆకలికీ దెబ్బలకీ గురయ్యేది భార్యాపిల్లలేనని ఈ ఉద్యమం బహిరంగంగా చెప్పింది. ఇది మతోద్యమం కాదు. అయినా బలహీనుడైన సోదరుడు ఎవరు అన్న పాత ప్రశ్నకు జవాబు అందులో దొరుకుతుంది. ఆ బలహీనత తాగేవాడి మనస్సాక్షిది మాత్రమే కాదు, అతని జీతం మీద బతికే ఇంటిది కూడా.

ఇప్పటి వాదాలు

విదేశాల్లో చదివి వచ్చినవారి ద్వారా, ఇంటర్నెట్ ప్రసంగాల ద్వారా సంస్కరణ సంప్రదాయపు రచనలు తెలుగు యువతకు చేరుతున్నాయి. అందువల్ల మితపానం విశ్వాసి హక్కు అన్న వాదన పట్టణ సంఘాల్లో మళ్లీ వినిపిస్తోంది. లేఖనం చెప్పని నిషేధాన్ని రక్షణకు షరతు చేయడం సువార్తకే విరుద్ధమని వీరంటారు. ఈ మాట కాదనలేనిది. తాగనివాడే మంచి క్రైస్తవుడు అనే కొలత నాలుగు తరాలుగా పాతుకుపోయిన చోట అది అవసరం కూడా. దీనికి ఎదురు వాదం కూడా లేఖనంలో నుంచే వస్తుంది. కొరింథులో మాంసం తినేవాడికి జ్ఞానం ఉందని పౌలు ఒప్పుకుంటూనే, ఆ జ్ఞానాన్ని వాడుకోవద్దన్నాడు. తెలంగాణలో పరిస్థితి ఇంకొంచెం వేరు. అక్కడ కల్లు ఇప్పటికీ పండుగ భోజనంలో భాగం, గౌడ కుటుంబాలకు జీవనాధారం. కల్తీ కల్లులో కలిపే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ వంటి మందులు మాత్రం దాన్ని మితం అన్న మాటకు దూరం చేశాయి.

రెండు వాదాలను తూచి చూస్తే తెలుగు సంఘాలు సంపూర్ణంగా మానడాన్ని ఎంచుకోవడం సబబే. తప్పు ఎంపికలో లేదు, దాన్ని పదకొండో ఆజ్ఞగా మార్చడంలో ఉంది. మానడం స్వేచ్ఛగా చేసిన త్యాగమైతే పౌలు చెప్పిన స్వాతంత్ర్యానికి సరైన వాడకం అవుతుంది. భయంతో మోసే బరువైతే ఆ స్వాతంత్ర్యాన్ని రద్దుచేస్తుంది.

తాగుడు నుంచి బయటపడినవారి విషయంలో మాత్రం వివాదం లేదు. వారికి పాత్రలోని ఒక్క గుక్క కూడా ప్రమాదమే. పులిసిన ద్రాక్షారసం వాడే కాథలిక్, ఆంగ్లికన్ సంఘాలు రెండూ అలాంటివారు రొట్టె మాత్రమే తీసుకున్నా సంస్కారం సంపూర్ణమేనని అంగీకరిస్తాయి.