‘జార్జ్’ అని పిలిస్తే ఎందరు తలతిప్పారు?

ఒకడిని తిడితే దెబ్బ ఒకడికే తగులుతుందా? చూస్తూ నిలబడ్డ పదిమందికీ తగులుతుంది. అసలు ఆ తిట్టు వాళ్ల కోసమే. ఈ పాఠం అమెరికా రైళ్ల చరిత్రలో ఉంది.

1867లో జార్జ్ పుల్‌మన్ స్లీపర్ బోగీల కంపెనీ పెట్టాడు. అవి పట్టాల మీద నడిచే హోటళ్లు. పక్కలు వేయడానికి, బూట్లు తుడవడానికి, సామాను మోయడానికి బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లజాతి మగవాళ్లను పెట్టుకున్నాడు. ప్రయాణికులు వాళ్లందరినీ ‘జార్జ్’ అనే పిలిచేవారు. బానిసను యజమాని పేరుతో పిలిచే అలవాటు అది. దొరగారి పసిపిల్లాడు కూడా మన తాతల్ని ‘ఒరే’ అన్నట్టే.

నెలకు 400 గంటల దాకా పని. జీతం చాలదు, టిప్పు మీదే బతుకు. టిప్పు రావాలంటే నవ్వాలి. పక్కవాడి పరువు తీస్తున్నా నవ్వాలి. పైగా ప్రయాణికుల వేషంలో కంపెనీ వేగులు తిరిగేవారు. ఎవరి దగ్గర మనసు విప్పాలో తెలియదు. చూసినవాడు భయాన్ని ఇంటికి మోసుకెళ్తాడు, నోరు మెదపలేదన్న సిగ్గును కూడా. సిగ్గుపడ్డ ఇద్దరు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోలేరు. యజమానికి కావలసింది అదే.

1925లో పోర్టర్లు సంఘం పెట్టుకున్నారు. నాయకుడిగా ఏ. ఫిలిప్ రాండాల్ఫ్‌ను తెచ్చుకున్నారు. ఆయన పోర్టర్ కాదు, కాబట్టి ఉద్యోగం పీకేస్తామని కంపెనీ ఆయన్ను బెదిరించలేదు. 12 ఏళ్ల పోరాటం తర్వాత, 1937లో కంపెనీ ఒప్పందానికి దిగివచ్చింది. పని గంటలు నెలకు 240కి తగ్గాయి. ఆ సంఘంలో పెరిగిన పోర్టరే ఇ.డి. నిక్సన్. 1955లో మాంట్‌గోమరీలో రోజా పార్క్స్‌ను అరెస్టు చేస్తే జామీను ఇచ్చి విడిపించడానికి వెళ్లింది, బస్సుల బహిష్కరణకు మనుషుల్ని కూడగట్టింది ఆయనే. చూసి తలదించుకోవడమే ఉద్యోగమైనవాడు, చూసి లేచి నిలబడ్డాడు.

నా విద్యార్థులు కొందరు పెళ్లిళ్ల సీజన్‌లో కేటరింగ్ పనికి పోతారు. ఒక ఫంక్షన్ హాల్లో ప్లేట్లు జారిపడితే సూపర్‌వైజర్ ఒక కుర్రాణ్ణి అందరి ముందూ కులం పేరుతో తిట్టాడు. పక్కనున్న మా విద్యార్థి అన్నాడు: ‘తిట్టింది నన్ను కాదు సార్. అయినా ఆ రాత్రి అన్నం దిగలేదు.’

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నలుగురి కంటపడే చోట దళితుణ్ణి ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లు కులం పేరుతో తిడితే, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం. ఆ నలుగురిలో ఒకరు నోరు విప్పితే కేసుకు బలం. ఆ ఒకరు మీరే కావాలి.

జై భీమ్.