జాగరణమునకు లెక్క

మన ప్రాంతమున జాగరణము పుణ్యకార్యము. శివరాత్రినాడు కన్ను మూయనివానిని ఊరు మెచ్చుకొనును. రోగి మంచము ప్రక్కన తెల్లవార్లు మేల్కొనియుండు వారిని గూర్చియు మన తలంపు ఇట్టిదే. అందువలననే కాబోలు, అంటురోగముల చరిత్రలో మృతుల లెక్క కలదు కాని, సేవచేసినవారు కోల్పోయిన నిద్రకు లెక్క లేదు.

జమ్మలమడుగులో లండను మిషను వారి క్యాంబెల్ ఆసుపత్రి పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమునుండియే రోగులను చూచుచుండెను. 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశమున కోటిమందికి పైగా ప్రజలను హరించినది. 1921 జనాభా లెక్కలలో దేశ జనాభా 1911 కంటె తగ్గియుండుటకు అదియే ముఖ్యకారణము. ఆనాడు నర్సుల నిద్రను కొలుచుట వైద్యశాస్త్రమునకే తట్టని విషయము. మెదడు విద్యుత్తరంగముల ద్వారా నిద్రలోని దశలను లూమిస్ మొదలగువారు గుర్తించుట 1930 తరువాతి మాట.

చట్టముగూడ అట్లే ఉండెను. బొంబాయి ప్లేగు వలన పుట్టిన 1897 నాటి అంటువ్యాధుల చట్టము అధికారుల చేతికి బలమిచ్చెను. వైద్యసేవకులపై దౌర్జన్యము చేయువారికి ఏడేండ్ల వరకు శిక్ష విధించు నిబంధన అందులో చేరుటకు 2020 ఏప్రిల్ 22 నాటి ఆర్డినెన్సు రావలసివచ్చెను. నూటయిరువది మూడేండ్లు!

ఆ ఏప్రిల్ మొదటి దినములలోనే కడప జిల్లాలో తొలి కొవిడ్ కేసులు బయటపడెను. అందు ప్రొద్దుటూరు పేరు కలదు. కడపలోని ఫాతిమా వైద్యకళాశాల ఆసుపత్రిని చికిత్సకు కేటాయించిరి. పెద్దనగరముల వైద్యులను గూర్చి పత్రికలు విస్తారముగా వ్రాసినవి. మేము ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల వంటి ఊళ్లను తలపెట్టుటకు కారణము వేరు. ఇచ్చట నర్సును వీధివారందరు ఎరుగుదురు. ఆమె ఏ వార్డులో పనిచేయుచున్నదో ఇరుగుపొరుగునకు తెలియును. వారి భయమును ఆమె ఇంటికి మోసికొనిపోవలెను. ఇంటింటికి తిరిగి జ్వరపీడితుల వివరములు వ్రాసికొనిన ఆశా కార్యకర్తకు ఆసుపత్రి గోడల మరుగైనను లేదు.

పి.పి.ఇ. దుస్తులు తొడిగిన పిమ్మట గంటల తరబడి మంచినీరు త్రాగుటకు వీలులేదు. విధి ముగిసినను ఇల్లు చేరరాదు. పసిబిడ్డను వాకిటినుండియే చూడవలెను. రాత్రిపని వారి కష్టము మరియొకటి. వెలుతురు పడినచో నిద్రను పిలుచు మెలటోనిన్ అను రసము తగ్గిపోవును. మన సీమలో వేసవి పగలు నలుబది డిగ్రీలు దాటు ఎండలో, రేకులకప్పు క్రింద నిద్రించుమనుట శరీరమును పరిహసించుటయే. ఇరువదినాలుగు గంటలు నిద్రలేని మనుష్యుని చేతినేర్పు మద్యము సేవించినవాని చేతినేర్పువంటిదని 1997లో డాసన్, రీడ్ అను పరిశోధకులు నిరూపించిరి. సూది మందు మోతాదు చూడవలసినది ఆ కన్నులే.

చైనాలో వూహాన్ మొదలగు చోట్ల 34 ఆసుపత్రులలో 1257 మంది వైద్యసిబ్బందిని 2020 ఆరంభమున ప్రశ్నించిరి. వారిలో నూటికి ముప్పదినలుగురు నిద్రలేమి లక్షణములు చెప్పిరి. సగముమందికి పైగా క్రుంగుదల లక్షణములు కనబడెను. నిద్రపట్టనివానికి దిగులు పెరుగును, దిగులుపడినవానికి నిద్రపట్టదు. ఈ రెంటిలో ఏది ముందు వచ్చెనని వెదకుచు కూర్చుండుట కంటె, రెంటిని ఒక్కటిగా చికిత్సించుట మేలని మా అభిప్రాయము.

2022 అక్టోబరు 10న భారతప్రభుత్వము టెలిమానస్ అను సేవను ప్రారంభించెను. 14416 సంఖ్యకు ఫోను చేసి మనసులోని బాధ చెప్పుకొనవచ్చును. మంచిదే. అయితే మనసు విప్పి మాటాడుటకును కొంత తీరిక కావలెను గదా! ఆసుపత్రి హాజరుపట్టీలో వచ్చిన గంటకు గడి కలదు, పోయిన గంటకు గడి కలదు. రెండు విధుల నడుమ ఆమెకు ఎన్ని గంటల విశ్రాంతి దొరకెనో వ్రాయుటకు మూడవ గడి యొకటి గీయుటకు కాగితము ఖర్చు కూడ పెరుగదు.